డప్పు మనది, చాటింపు వాళ్లది

(అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, దళితవాడ తల్లులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడేటప్పుడు మీ ఫోన్లు మోగితే మోగనీయండి. ఎత్తొద్దు. ఇవాళ ఆదివారం. ఆదివారం నాడు కూడా టీచరమ్మకి ఫోను ఎందుకొస్తోందో, అదే ఈ సభ విషయం.

మా తాత ఊరికి చాటింపు వేసేవాడు. డప్పుకి తోలు ఆయనే తెచ్చుకోవాలి. చిరిగితే ఆయనే మళ్లీ చేసుకోవాలి. కొట్టే ముందు మంటేసి కాచుకోడానికి చితుకులు కూడా ఆయనే ఏరుకోవాలి. మాట మాత్రం మునసబుది. రాత్రి అన్నం ముందు కూర్చున్నా సరే, పిలుపొస్తే లేవాల్సిందే. తాతకి జ్వరమొస్తే మా నాయన పోవాలి. డప్పు మనది, చాటింపు వాళ్లది. కూలి అడిగితే "నీ కులానికి ఇదే పని గదరా" అన్నారు.

మన ఊళ్లలోనే కాదు, మహారాష్ట్రలో మహార్లదీ ఇదే గతి. బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో ఈ వెట్టి మీదే బిల్లు పెట్టాడు. పగలనక రాత్రనక పిలుస్తారు, మనిషి లేకపోతే ఇంట్లో ఇంకొకర్ని లాక్కుపోతారు, జీతం పేరుకే అని చెప్పాడు. ఆ బిల్లు నెగ్గలేదు. అక్కడ ఆ వతన్లు పోడానికి 1958 దాకా పట్టింది. మన దగ్గర మునసబు, కరణాల పెత్తనాన్ని 1984లో రద్దు చేశారు.

అది పోయింది గదా, ఇంకేమంటారా? మీ చేతిలో ఫోను చూడండి.

2021లో కేంద్ర ప్రభుత్వం పోషణ్ ట్రాకర్ అనే యాప్ తెచ్చింది. పిల్లల హాజరు, బరువు, ఎత్తు, గర్భిణీల వివరాలు అన్నీ అందులో ఎక్కించాలి. సర్కారు ఫోన్లు ఇచ్చాం అంటుంది. ఇచ్చిన ఫోన్లు ఎట్లాంటివి? అదే 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ అక్కలు ఈ ఫోన్లు వేడెక్కుతున్నాయి, యాప్ నడవడం లేదు అని తీసుకుపోయి ఆఫీసుల్లోనే తిరిగి ఇచ్చేశారు. ఆ ధైర్యం లేనివాళ్లం ఏం చేశాం? అప్పు చేసి సొంత ఫోను కొనుక్కున్నాం. ఆ స్థోమత లేని టీచరమ్మ కాలేజీకి పోయే కొడుకు ఫోను లాక్కుంది. మనిషి లేకపోతే ఇంట్లో ఇంకొకరు! బాబాసాహెబ్ చెప్పింది ఇదే గదా.

ఇదేమంటే, మీరు ఉద్యోగులు కారు, మీది సేవ, మీకిచ్చేది జీతం కాదు గౌరవ వేతనం అంటారు. సేవకి సెలవుండదంట. అంగన్‌వాడీ వాళ్లకి గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే అని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా దానికోసం మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. ఎస్మా పెట్టారు. అదంతా మీరు చేసిందే, మీకు నేను చెప్పేదేముంది.

ఇప్పుడు తల్లుల వైపు వస్తాను. ఎందుకంటే ఈ ఫోను టీచర్ కష్టం ఒక్కటే కాదు.

మాకు తెలిసిన ఒక పల్లెలో పాప బరువు తక్కువుంది. రుజువు కావాలని పైనుంచి ఒత్తిడి. టీచరమ్మ పాప చొక్కా విప్పి, తక్కెడలో కూర్చోబెట్టి, సొంత ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో ఎవరెవరున్నారో ఆమెకే సరిగ్గా తెలీదు. వారం తిరక్కుండా ఆ ఫోటో ఊళ్లో టీ కొట్టు దాకా వచ్చింది. నాట్లకి పోయిన తల్లిని గట్టు మీద నిలబెట్టి, "నీ పిల్ల ఎముకలు చూశాం, తిండి పెట్టవా?" అన్నారు. ఆ మాటన్నది ఎవరు? రోజంతా నడుం వంచినా కూలి తగ్గించి ఇచ్చే ఆసామి ఇంటివాళ్లు. ఆ తల్లి ఏడ్చుకుంటా వచ్చి టీచరమ్మ జుట్టు పట్టుకుంది. ఇద్దరూ మన పల్లె ఆడబిడ్డలే. ఫోటో పెట్టమన్నవాళ్లు ఆ తగువులో ఎక్కడా లేరు.

2025 జూలై నుంచి ఇంకోటి. ఇంటికిచ్చే రేషన్ కావాలంటే గర్భిణీ, బాలింత కెమెరా ముందు మొహం చూపించాలి. అంతకు ముందు ఆధార్‌తో ఓటీపీ కొట్టాలి. ఆ నంబరు మొగుడిది. మొగుడు ఇటుక బట్టీల్లో ఉంటాడు. ఎండలో నల్లబడి, కాన్పయి చిక్కిపోయిన మొహాన్ని యంత్రం పోల్చకపోతే నువ్వు నువ్వు కాదంటుంది. అప్పుడు తిట్లు ఎవరికి? గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మకి. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణీకి, బాలింతకి, ఆరేళ్ల లోపు పిల్లలకి ఈ తిండి హక్కు అని రాసింది. మొహం కలిస్తేనే హక్కు అని అందులో లేదు.

కొందరు అన్నలు అడుగుతున్నారు: ఫోను రాకముందు బాగుందా, దొంగ పేర్లు రాసి గుడ్లు అమ్ముకోలేదా అని. నిజమే. పల్లె పిల్లల పేరు మీద వచ్చిన సరుకు ఎవరి వంటింటికి పోయిందో మనకి తెలుసు. లెక్క వద్దని నేను అనను. లెక్క ఆఫీసు ఫోన్లో ఉండాలి, ఆ లెక్క పల్లె తల్లి అడిగితే కాగితం మీద కనపడాలి. ఇప్పుడు పైవాళ్లకి కనపడుతోంది, మనకి కనపడదు.

టీచరమ్మల్నీ ఒక మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. నవంబర్ 14న మన పిల్లల ఫోటోలు మీ స్టేటస్‌లో ఎందుకు? తల్లిని అడిగారా? మీ ఫోను మీ అబ్బాయి చూస్తాడు, రిపేరు కొట్టువాడు చూస్తాడు. అందులో ఎవరికి ఎన్నో నెల, ఎవరికి రక్తం తక్కువ, అన్నీ ఉన్నాయి. కలవారి కోడలి సంగతైతే అట్లా వదిలేసేవారా? 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ హక్కు మా పల్లె పాపకీ ఉంది.

అందుకని అర్జీలో ఇట్లా రాశాం. ఫోను, సిమ్ము, రీచార్జి ఆఫీసువే. పని అయ్యాక ఆ ఫోను సెంటర్ బీరువాలో పెట్టి తాళం వేస్తాం, ఇంటికి తేము. మా సొంత నంబర్లు గ్రూపుల్లోంచి తీసెయ్యండి. యాప్ అడిగింది తప్ప వాట్సాప్‌లో పిల్లల ఫోటో ఒక్కటి కూడా పెట్టం. యంత్రం పోల్చకపోయినా రిజిస్టర్‌లో సంతకం తీసుకుని తిండి ఇస్తాం, దానికి టీచర్ మీద చర్య తీసుకోకూడదు. ఆయాల పేర్లు కూడా చేర్చాం. టీచర్ మీటింగుకి పోయినప్పుడు ఆ ఫోను పట్టుకునేది ఆయానే, పైసా అదనం లేకుండా.

అర్జీకి రెండు కాపీలు. ఒకటి సి.డి.పి.ఓ. ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపుదాం. టీచర్ల సంతకాలు ఒక పక్క, తల్లుల సంతకాలు ఇంకో పక్క. విడివిడిగా పోతే ఒకర్ని ఒకరి మీదకి ఉసిగొల్పుతారు. మంగళవారం పది గంటలకి బస్టాండు దగ్గర కలుద్దాం. కాగితాలు ఆ బల్ల మీదున్నాయి, మొహం చూపించక్కర్లేదు, సంతకం చాలు.

జై భీమ్.