రాత్రి చెమటల గురించి కూడా మాట్లాడుకుందాం

(మహిళల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కేన్సర్ గురించి మీ అనుభవం చెప్పండి అని నిర్వాహకులు అడిగితే సరేనన్నాను. అయితే రొమ్ము తీసేసిన సంగతీ, జుట్టు రాలిన సంగతీ చెప్పడానికి రాలేదు. వాటి గురించి అందరూ అడుగుతారు, జాలిపడతారు. ఎవరూ అడగని సంగతి ఒకటుంది. రాత్రి ఒంటిగంటకీ, మళ్ళీ మూడింటికీ చెమటతో తడిసి ముద్దయి లేచి కూర్చోవడం. దాని గురించే మాట్లాడతాను.

నాకు నలభై రెండో ఏట రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషనూ, ఆరు విడతల కీమోథెరపీ అయ్యాయి. మూడో విడత తర్వాత ముట్లు ఆగిపోయాయి. ఆపైన ఐదేళ్ళు వాడమని టామోక్సిఫెన్ మాత్రలు రాశారు. ఇక రాత్రిళ్ళు మొదలైంది. ఛాతీ దగ్గర సెగ పుట్టి మెడకీ ముఖానికీ ఎక్కేది. గుండె దడదడలాడేది. చూస్తుండగానే జాకెట్టు, చీర, కింద దుప్పటి తడిసిపోయేవి. వెంటనే వణుకు. జబ్బు తిరగబెట్టిందేమోనని థర్మామీటరు పెట్టుకుంటే జ్వరం ఉండేది కాదు. రాత్రికి నాలుగైదుసార్లు ఇలా లేచి, పొద్దున్నే బడికెళ్ళి ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పాలి. బోర్డు మీద నేనేసిన లెక్క నాకే అర్థమయ్యేది కాదు.

ఆస్పత్రిలో చెబితే, "ప్రాణం దక్కినందుకు సంతోషించక చెమటల గురించి బెంగేమిటమ్మా" అన్నారు డాక్టరు గారు. ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. కీమో మొదలుపెట్టే ముందే డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచి, ముట్లు ఆగిపోవచ్చు, ఆవిర్లు రావచ్చు అని చెప్పారట. "నువ్వు భయపడతావని చెప్పలేదు" అన్నారు. ఆయన మంచివారే. కీమో రోజుల్లో నాకు అన్నం కలిపి తినిపించిన మనిషి. కానీ నా ఒంట్లో జరగబోయేది ఆయనకి తెలుసు, డాక్టరుకి తెలుసు, నాకు మాత్రం తెలియదు.

ఆ వేసవిలో నేనొక పని చేశాను. ఈ చెమటలు మాత్ర వల్లే కదా అని మాత్ర మానేశాను. పదకొండు రోజులు. ఎవరికీ చెప్పలేదు. చెకప్‌కి వెళ్ళినప్పుడు ఒక నర్సు నా ముఖం చూసి, "నిద్ర పడుతోందా అక్కా?" అని అడిగింది. అన్ని నెలల్లో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఏడుపొచ్చింది, అన్నీ చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "మాత్ర మానొద్దు. చెమటలకి వేరే మందుంది, పెద్ద డాక్టర్ని అడుగుదాం పదండి" అంది.

ఆ రోజు తెలుసుకున్న విషయాలు మీకూ చెబుతాను. మామూలుగా వయసుతో మెల్లగా తగ్గే ఈస్ట్రోజన్ హార్మోను, కీమో అండాశయాలను దెబ్బతీసినప్పుడు చాలా త్వరగా పడిపోతుంది. టామోక్సిఫెన్, మిగిలిన ఈస్ట్రోజన్ కూడా రొమ్ము కణాల మీద పనిచేయకుండా అడ్డుపడుతుంది. అప్పుడు మెదడులో ఒంటివేడిని అదుపుచేసే భాగం, కాస్త వేడి పెరిగినా ఒళ్ళు కాలిపోతోందన్నట్టు చెమట పట్టిస్తుంది. ఇది మన బలహీనతా కాదు, భ్రమా కాదు.

మా వీధి డాక్టరు ఒకాయన ఈ ఆవిర్లకి హార్మోను మాత్రలు రాయబోయాడు. రొమ్ము కేన్సర్ వచ్చిన స్త్రీలకి ఆ మాత్రలిచ్చి చూసిన హాబిట్స్ అనే అధ్యయనాన్ని, జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించి 2003లో మధ్యలోనే ఆపేశారు. కాబట్టి కేన్సర్ డాక్టర్ని అడగకుండా అవి మింగొద్దు. "హార్మోన్లని సరిచేస్తుంది" అంటూ అమ్మే పొడులూ అంతే. నాకు వెన్లాఫాక్సిన్ తక్కువ మోతాదులో ఇచ్చారు. అది కుంగుబాటుకి వాడే మందే అయినా ఆవిర్లని కూడా తగ్గిస్తుంది. కొందరికి రాత్రిపూట గాబాపెంటిన్ ఇస్తారు. కుంగుబాటు మందుల్లోనే పారాక్సిటిన్, ఫ్లూక్సిటిన్ లాంటివి టామోక్సిఫెన్ పనికి అడ్డొస్తాయి. అందుకే ఏ మందు రాసినా, "నేను టామోక్సిఫెన్ వాడుతున్నాను" అని చెప్పండి. ముట్లు ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోవద్దు. చెమటలతో పాటు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే వెంటనే చూపించుకోండి.

ఇంట్లో చేసుకున్నవి చిన్న చిన్నవి. రాత్రి కాఫీ, కారం మానేశాను. నైలాన్ నైటీ వదిలి పాత నూలు చీర కట్టుకున్నాను. సెగ మొదలవగానే లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా ఊపిరి తీయడం అలవాటు చేసుకున్నాను. కేన్సర్ వైద్యం అయిన స్త్రీలకి గుంపుగా ఇలాంటి మెళకువలు నేర్పిన లండన్ అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. చెమటలు రావడం పెద్దగా తగ్గలేదు గానీ, అవి పెట్టే బాధ తగ్గింది. మా అత్తయ్య రోజూ సాయంత్రం రెండు పాత చీరలు మడిచి నా తలగడ పక్కన పెట్టేది, తడిసిన పక్క మీద పరుచుకోవడానికి. "నాకూ వచ్చేవే ఆవిర్లు. ఎవరితో చెప్పుకుంటాం?" అంది ఒక రాత్రి. పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ మాట అప్పుడే విన్నాను.

చెమటలు ఇప్పటికీ వస్తాయి, రాత్రికి ఒకటో రెండో. మాత్ర మాత్రం మానలేదు.

ఇందులో హక్కు ఎక్కడుందంటారా? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్ష కోసమని మత్తిచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అనుమతి తీసుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేసిన కేసది. ఆ అనుమతి చెల్లదనీ, వైద్యం వల్ల లాభమేమిటో, నష్టమేమిటో, వేరే దారులేమున్నాయో రోగికి చెప్పి ఆమె సమ్మతే తీసుకోవాలనీ కోర్టు అంది. వరండాలో భర్తకి చెబితే నాకు చెప్పినట్టు కాదు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. కీమోకి ముందే, మన భాషలో, మనకే చెప్పాలి. ప్రతి చెకప్‌లోనూ నిద్ర గురించి అడగాలి. బాధ చెబితే నవ్వి పంపేయకూడదు. చెమటలు భరించలేక ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసే ఆడవాళ్ళు నాలాగా ఎందరో ఉంటారు. కేన్సర్ నుంచి దక్కిన ప్రాణం అలా మళ్ళీ ప్రమాదంలో పడకూడదు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఈ వైద్యం అయినవాళ్ళుంటే, ఆ నర్సు నన్నడిగిన మాటే మీరూ అడగండి. నిద్ర పడుతోందా అని.