నెలలు నిండిన ఇంట్లో మన బాధ్యత



కాన్పు ఆడవాళ్ళ సంగతి అని మగవాళ్ళం తప్పుకుంటాం. కాని నొప్పులొచ్చిన రాత్రి బండి, డబ్బు, ఆసుపత్రి అన్నీ మన మాట కోసమే ఆగుతాయి.

డాక్టరిచ్చిన తేదీ అంచనా మాత్రమే. 37 వారాలు నిండాక ఏ రోజైనా కాన్పు కావచ్చు. కడుపు అప్పుడప్పుడు బిగిసి వదలటం మామూలే. కాసేపు పడుకుంటే తగ్గుతుంది. అసలు నొప్పులు తగ్గవు, రానురాను దగ్గరవుతాయి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తీవ్రమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

"ఆయన్ని రానివ్వండి" అని ఎవరూ ఎదురుచూడకుండా ముందే చెప్పి ఉంచుదాం. ఏ ఆసుపత్రికి పోవాలో, తోడు ఎవరో, అవసరమైతే రక్తం ఇచ్చేదెవరో ఎనిమిదో నెలలోనే అనుకుందాం. బిడ్డ బట్టలకన్నా ముందు సిద్ధం చేయవలసినవి ఇవే.