చేతికందిన చుక్క



ఇప్పుడు నా మాట మీ చెవిని పడుచున్నది. ఆ మాటను మీ యింటికి మోసికొనివచ్చిన తరంగమును మీలో నెవ్వరును చూచియుండరు. రేడియోపెట్టె దానిని పట్టి, చెవికి తెలియు ధ్వనిగా మార్చినది. కంటికి కానరానిదెల్ల లేదని యనుకొనరాదు. దానిని మన యింద్రియములకు అందునట్లు మార్చు సాధనము కావలెను. అట్లే కంటికి కానరాని ఒక ఆకాశవస్తువును చేతికందించిన విధమును నేడు మనవిచేసెదను.

కార్తిక మాసమున ప్రొద్దుగుంకిన కొంతసేపటికి ఉత్తరదిక్కున చూడుడు. ధ్రువనక్షత్రమునకు మీదుగా అయిదు చుక్కలు వంకరగా పేర్చినట్లుండును. సప్తర్షి మండలమునకు ఇవి ధ్రువుని ఆవలి ప్రక్కవి. పాశ్చాత్యులు ఈ గుంపును కాసియోపియా యందురు. ఆ దిక్కున, సుమారు 11,000 కాంతి సంవత్సరముల దూరమున, ఒక మహానక్షత్రము ప్రేలిపోయెను. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగిడు వెలుగు ఒక యేడాదిలో పోవు దూరమే కాంతి సంవత్సరము. ఆ ప్రేలుడు కాంతి భూమిని చేరి సుమారు 340 ఏండ్లయినది. దాని శిథిలము మాత్రము నేటికిని వట్టి కంటికి కనబడదు.

కారణమేమనగా, ఆ శిథిలములోని వాయువు కోట్ల డిగ్రీల వేడిమి గలది. అట్టి వాయువు ఎక్స్ కిరణములను వెలిగ్రక్కును. విరిగిన యెముకను చూచుటకు ఆసుపత్రిలో వాడునవి ఈ జాతి కిరణములే. భూమిని ఆవరించిన గాలి వానిని నేలకు రానీయదు. కావున 1999 జూలై 23వ తేదీన అమెరికావారు చంద్రా యను దూరదర్శినిని గాలిపొరకు ఆవలికి పంపిరి. లాహోరులో జన్మించి, మదరాసులో చదివి, 1983లో నోబెల్ బహుమానమందిన సుబ్రహ్మణ్యం చంద్రశేఖరుగారి పేరిటనే దానికి ఆ నామకరణము జరిగినది.

చంద్రా ఈ శిథిలమునకు పటము తీసినది. కాని పటము బల్లపరుపుగా నుండును. ఏ శకలము ముందున్నదో, ఏది వెనుకనున్నదో అందు తెలియదు. ఇచట శాస్త్రజ్ఞులకు రెండు సంగతులు తోడుపడినవి. రైలు మనవైపు వచ్చునప్పుడు దాని కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోవునప్పుడు తగ్గు స్థాయిలోను వినబడును గదా! కాంతియు నట్లే మారును. ఆ మార్పునుబట్టి ప్రతి శకలము మనవైపు వచ్చుచున్నదో, ఆవలికి పోవుచున్నదో, ఎంత వేగముతోనో తెలియును. ఇక తిరునాళ్లనుండి బండ్లన్నియు ఒకే వేళకు బయలుదేరెననుకొనుడు. ఏ బండి వేగమెంతయో తెలిసినచో, అది పోయిన దూరమును లెక్కకట్టవచ్చును. నక్షత్రశకలములన్నియు ఒకే క్షణమున బయలుదేరినవే. 2009లో ట్రేసీ డిలేనీ యను విదుషియు, ఆమె సహచరులును ఇట్టి లెక్కలచే శిథిలమునకు ముందువెనుకలు గల రూపమును కట్టిరి.

తరువాత ఆ కొలతలను యంత్రమునకిచ్చి, మట్టిగోడను వరుసమీద వరుసగా పెట్టునట్లు, ప్లాస్టిక్కును పొరమీద పొరగా పోసి ప్రతిమను చేసిరి. దానిని చేతబట్టి త్రిప్పి తడవిచూచినచో, నక్షత్రము అన్ని వైపులను సమానముగా పగులలేదని తెలియును. వెలుపలి భాగము గుండ్రన. లోపలి భాగము రొట్టెవలె అణగినది. కొన్ని దిక్కుల శకలములు చిమ్మనగ్రోవినుండి వెడలినట్లు ముందునకు దూసికొనిపోయినవి.

ఈ ప్రతిమవలన మేలు పొందువారిలో ముఖ్యులు చూపులేనివారు. ఆకాశము తమది కాదని వారు వినుచు పెరుగుదురు. కాని ఈ శిథిలము చూపున్నవారికిని కనబడునది కాదు. దీనియెదుట మనమందరమును అంధులమే. కొలతయే మనకందరకును ఊతకఱ్ఱ. అట్టిచో ఆ కొలతను కంటికే ఏల అప్పగింపవలెను? వ్రేలికిని ఇయ్యవచ్చును, చెవికిని ఇయ్యవచ్చును. 2020లో ఈ శిథిలపు పటమునే ధ్వనిగా మార్చి వినిపించిరి. వెలుగు హెచ్చిన చోట ధ్వనియు హెచ్చును.

అయితే ప్రతిమయే వస్తువని భ్రమపడరాదు. ప్రతిమ గట్టిది, అసలు వాయువు మిక్కిలి పలుచనిది. ప్రతిమ కొబ్బరికాయంత యుండవచ్చును. అసలు శిథిలము అడ్డముగా సుమారు 10 కాంతి సంవత్సరముల పొడవు. కొబ్బరికాయంత ప్రతిమలో మన సూర్యుడును, గ్రహములన్నియు కలిసి ఒక ఇసుకరేణువంత చోటైనను ఆక్రమింపవు. ఈ మాటయు చెప్పి ప్రతిమను చేతికిచ్చినవాడే సత్యము చెప్పినవాడు.

ఆ శిథిలమున భూమికి 70,000 రెట్లు తూగు ఇనుము కలదని లెక్క. మన నాగటి కఱ్ఱుకు, మన నెత్తుటికి కావలసిన ఇనుము పూర్వము ప్రేలిపోయిన అట్టి నక్షత్రములనుండి వచ్చినదే. కావున ఇది పరాయి సంగతి గాదు.

పెద్దలారా, మీ ఊరి బడిలో చూపులేని బిడ్డ యుండవచ్చును. పాఠమున చంద్రుడు వచ్చినపుడు "నీకేమి తెలియును, ఊరకుండు" మని ఎవ్వరును అనకుండ చూడుడు. యంత్రము లేకున్న నేమి? కుమ్మరి యింట మట్టి కలదు. ఒక ఉండచేసి, గుంటలు నొక్కి, ఇదిగో చంద్రుడని ఆ చేతిలో పెట్టుడు. ఆ బిడ్డ అడుగు ప్రశ్న మనకెవ్వరికిని తోచనిదై యుండవచ్చును.