అగ్రహారముల హద్దులు – ఇనాము పటములు



రామచంద్రపురమున సమావేశమైన యీ వార్షికమహాసభలో మన పూర్వచరిత్రను గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. వారికి మా కృతజ్ఞతలు. మనవారి చరిత్రలో సగము రాగిరేకులలోను తాటాకులలోను కలదు. తక్కిన సగము సర్కారువారి రిజిస్టరులలోను సర్వేపటములలోను కలదు. మొదటిదానిని సభలలో కీర్తించుచున్నాము. రెండవది మన యిండ్లలో పెట్టెల యడుగున చెదలపాలగుచున్నది. కావున నేడు రెండవదానిని గూర్చియే మనవి చేయుదుము.

ముందుగా రాగిరేకుల మాట. రాజరాజనరేంద్రుడు 1053వ సంవత్సర ప్రాంతమున నందంపూడిని నారాయణభట్టునకు అగ్రహారముగా నొసగెను. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. నేడు కోనసీమలోనున్న యా గ్రామము రెండేరుల నడిమి విషయములోనిదని శాసనము చెప్పుచున్నది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములు చదివినవారికొక విశేషము స్ఫురించును. వంశప్రశస్తి గంభీరమగు సంస్కృతమున నడచును. పొలిమేరలు చెప్పు తావునకు వచ్చునప్పటికి తరచుగా తెలుగుమాటలు చొచ్చుకొనివచ్చును. ప్రశస్తి పండితులకై వ్రాసినది. హద్దు ఊరివారందరికిని తెలియవలసినది. హద్దు తెలియనిదే దానము నిలువదని మన పూర్వులెరుగుదురు.

కాలక్రమమున నీ సీమ కుంఫిణీవారి పాలనలోనికి వచ్చెను. 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటను దొరగారి యాజమాన్యమున ధవళేశ్వరపు టానకట్ట నిర్మింపబడెను. కాలువలు పారినకొలది భూమి విలువ పెరిగెను. ఏ భూమి యెవరిది, ఎంత, పన్ను గలదా లేదా యను ప్రశ్న సర్కారువారికి ముఖ్యమయ్యెను. 1858లో చెన్నరాజధానియందు ఇనాము కమీషను నేర్పరచిరి. అది 1869 వరకు పనిచేసెను. ప్రతి యినామును విచారించి, దాత యెవరు, ప్రతిగ్రహీత యెవరు, ఏ నిమిత్తమిచ్చిరి, నేడెవరి యనుభవములో నున్నది, విస్తీర్ణమెంత యను సంగతులను ఫెయిర్ రిజిస్టరులో వ్రాసిరి. స్వల్పమగు క్విట్‌రెంటుకు సమ్మతించిన వారికి టైటిల్‌డీడులిచ్చిరి.

ఆ దశాబ్దములలోనే గొలుసు పట్టి పొలములు కొలిచిరి. అరువదియారడుగుల గొలుసునకు నూరు లింకులు. గ్రామపటమును సాధారణముగా మైలునకు పదునారంగుళముల ప్రమాణమున గీచిరి. మఱ్ఱిచెట్టు, పాముపుట్ట హద్దులుగానున్న పొలమునకు ఒక సర్వే నంబరు వచ్చెను. చెట్టు పడిపోవును, పుట్ట కరగిపోవును, నంబరు నిలుచును. ఇది గొప్ప మేలు. కాని పటము చెప్పని సంగతి యొకటి కలదు. ఆ పొలమును తరతరములుగా దున్నినవాని పేరు దానిపై లేదు.

ఆ లోపమునుండియే మేలువారము, కుడివారముల వివాదము పుట్టెను. దాత యిచ్చినది శిస్తు హక్కు మాత్రమేనా, భూమి కూడనా? బ్రాహ్మణులకిచ్చిన యినామునందు శిస్తుహక్కు మాత్రమే యిచ్చినట్లు ముందుగా భావింపరాదనియు, ఏ దానమున కాదానమునే పరిశీలింపవలెననియు 1918లో ప్రీవీకౌన్సిలువారు సూర్యనారాయణ – పాతన్న వ్యాజ్యమున తీర్పు చెప్పిరి. పిమ్మట 1936లో చట్టమును సవరించి ఇనాము గ్రామముల రైతులకు సాగుహక్కును విస్తరింపజేసిరి. 1948లో ఎస్టేటుల రద్దు చట్టమును, 1956లో ఇనాముల రద్దు చట్టమును వచ్చెను. ఆ వ్యాజ్యము ముగిసినది. పాత కాగితము చేతబట్టి దున్నువాని పొలముపైకి పోవలెనని మేము చెప్పుట లేదు. అది న్యాయమును కాదు, ధర్మమును కాదు.

మరి యా కాగితములతో నేడేమి పని యందురా? 2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వే ప్రారంభమయ్యెను. అది పూర్తియైన గ్రామములలో పాత సర్వే నంబరునకు బదులుగా ఎల్.పి.ఎం. నంబరు వచ్చినది. వ్యక్తుల పొలములకు కాపలా కాయువారు కలరు. ఊరి చెరువునకు, పశువులు నడచు పుంతకు, శ్మశానమునకు, సత్రపు మాన్యమునకు, గుడిమాన్యమునకు కాపలా యెవరు? వాని సాక్ష్యము పాత పటముననే కలదు. పుంత వెడల్పెంత, చెరువుగట్టు ఎచ్చట వంపు తిరిగినది యను నంశములను ఆనాటి సర్వేదారు గీచియుంచెను. పూర్వము కరణములు వీనిని నోటనుంచుకొనెడివారు. 1984లో ఆ యుద్యోగములు రద్దయిన పిదప ఆ జ్ఞానము నానాటికి సన్నగిల్లినది.

ఇంకొక మాట. ఫెయిర్ రిజిస్టరు మన యొక్కరి చరిత్ర కాదు. మంగలి మాన్యము, చాకలి మాన్యము, వెట్టి మాన్యము మొదలగునవియు నందే కలవు. మన పేరు వెదకుటకై తెరచినవానికి ఊరంతయు కనబడును.

కావున సంఘసభ్యులకు మా మనవులు మూడు. ఇంటనున్న టైటిల్‌డీడులను, దానపత్రములను ఛాయాచిత్రములు తీయించి భద్రపరపుడు. రాగిరేకు దొరకినచో కరగింపక, అమ్మక, పురావస్తుశాఖవారికి చూపుడు. గ్రామమున కొక్కరైనను ఫెయిర్ రిజిస్టరు నకలును, గ్రామపటమును సంపాదించి, చెరువు, పుంత, గుడిమాన్యముల పాత నంబరు కెదురుగా క్రొత్త నంబరును వ్రాసిన పట్టికను గ్రామసభలో నందరి యెదుట నుంచుడు. మూడవది, పోషకులు విద్యార్థి వేతనములతోపాటు ఈ పటములను చదువ నేర్పు శిక్షణకును కొంత ద్రవ్యమును కేటాయింపుడు.

దానశాసనముల చివర దానమిచ్చుటకంటె దానిని కాపాడుట మిన్నయని చెప్పుట వాడుక. మన పూర్వులు పుచ్చుకొన్నవారు. మనము కాపాడువారమగుదుము గాక. స్వస్తి.