పెరట్లో తుంగ, అరువు ట్యాంకు



నన్ను పెరటి కూరగాయల గురించి మాట్లాడమన్నారు. నాటడం, నీళ్లు పెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు. కలుపు గురించే చెప్తాను. నేను దెబ్బతిన్నది అక్కడే.

మా పెరట్లో బెండ, టమాటా, గోంగూర వేశాను. తుంగ పీకీ పీకీ నడుం పడిపోయింది. పీకిన వారానికే మళ్లీ లేచేది. "మందు కొడితే పోద్ది కదా" అన్నవాళ్లున్నారు. నేను కలుపు మందు కొట్టలేదు. బెండకు పేనుబంక పట్టిందని వేపనూనె కొట్టడానికి తెలిసినవాళ్ల దగ్గర ట్యాంకు అరువు తెచ్చాను, అంతే. వాళ్లు అంతకుముందు మొక్కజొన్నలో దానితోనే 2,4-డి కొట్టారు. నేను ఒక్కసారి నీళ్లతో తొలిపి వాడేశాను. వారం తిరక్కుండా బెండాకులు సన్నబడి వేళ్లలాగా చీలిపోయాయి. టమాటా కొమ్మలు మెలికలు తిరిగాయి. ట్యాంకులో మిగిలిన ఆ కాస్తకే మడి అంతా పోయింది.

ఆ మందు గడ్డిజాతి పైరును వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. మొక్కజొన్న గడ్డిజాతి, మన కూరగాయలు దాదాపు అన్నీ వెడల్పాకువి. అందుకని కూరగాయలకు వేరే ట్యాంకు పెట్టుకోండి. సంఘానికి ఒకటి కొనుక్కున్నా చాలు. గ్లైఫోసేట్ అయితే పచ్చగా ఉన్న దేన్నీ వదలదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని చెప్పింది. కొట్లో ఎవరైనా ఇచ్చినా తెచ్చుకోవద్దు.

మరి తుంగను ఏం చేయాలి? పైన పట్టుకుని లాగితే ఆకు తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. ఆ గడ్డలు వేళ్లతో ఒకదానికొకటి గొలుసులాగా ఉంటాయి. గొలుసు తెగితే ప్రతి గడ్డా మొలుస్తుంది. నేను రోహిణి కార్తెలో మడికి నీళ్లు ఆపేసి, గునపంతో జానెడు లోతు తవ్వి, గడ్డలు పైకి తేల్చి ఎండబెట్టాను. ఏరినవి పెంటకుప్పలో వేయలేదు, వేస్తే ఎరువుతో పాటు మళ్లీ మడిలోకే వస్తాయి. ప్లాస్టిక్ పట్టా కప్పి చూశాను, దాన్ని కూడా పొడుచుకుని వచ్చింది మహాతల్లి! నీడ మాత్రం దానికి గిట్టదు. అందుకే ఆ మడిలో అలసంద ఒత్తుగా చల్లాను.

మిగతా కలుపుకి ఇంత కష్టం లేదు. విత్తిన మొదటి నెలన్నర రెండు మూడుసార్లు గొప్పు తవ్వి, మొక్కల మధ్య వరిగడ్డి నాలుగు వేళ్ల మందాన పరిస్తే చాలు. మన డెల్టాలో గడ్డికి కొదవా? పచ్చిపేడ వేయకండి, గొడ్లు తిన్న గడ్డి గింజలు అందులోనే ఉంటాయి. బాగా మాగిన ఎరువే వేయాలి. వయ్యారిభామను పూత రాకముందే చేతికి కవరు తొడుక్కుని పీకాలి, లేకపోతే ఒళ్లంతా దురద. గంగపావిలి మొలిస్తే పారేయకండి, పప్పులో వేసుకోండి. మందు పడని చోటుదైతేనే సుమా.

మా పెరట్లో తుంగ సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చే రోహిణికి మళ్లీ తవ్వుతాను. గునపం ఉన్నవాళ్లు ఒకపూట రండి, మీ పెరట్లోకి నేనొస్తాను.