కలుపు అని ఎవరన్నారు?

(ప్రగతి నగర్‌లో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహార హక్కు అనగానే మనం బియ్యం గురించి మాట్లాడతాం. 2013 ఆహార భద్రతా చట్టం కింద రేషన్ లెక్క కూడా ధాన్యం లెక్కే. ఆ అన్నంలోకి కూర ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు రోజూ జవాబు వెతికేది స్త్రీ. ఈరోజు ఆ కూర ఎవరి హక్కు అన్నదాని గురించి మాట్లాడతాను.

ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని సంఘాల్లో ఎక్కువమంది చిన్న కమతాలున్న దళిత స్త్రీలు. జొన్న, కంది, కొర్ర, అనుము కలిపి వేసే ఆ చేలల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే కూరలు ఎన్నో: తుమ్మికూర, దొగ్గలి, జొన్నచెంచలి, గంగవాయిలు, పొన్నగంటి, గునుగు. వ్యవసాయ శాస్త్రం వీటిలో చాలావాటిని కలుపు అంది. సంఘం స్త్రీలు కూర అన్నారు. గునుగు లేతగా ఉంటే కూర, పూస్తే బతుకమ్మ. వినాయక చవితికి తుమ్మికూర వండే ఇళ్ళు తెలంగాణలో ఎన్నో. దొగ్గలిని పప్పులో వేస్తారు. గంగవాయిలు పుల్లగా ఉంటుంది కనుక చింతపండు తక్కువ పడుతుంది. ఏది ఏ వానకు మొలుస్తుందో, ఎంత లేతగా కోయాలో తల్లులే కూతుళ్ళకు నేర్పారు.

ఈ కూరలకు ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. భూమి ఆసామిదే అయినా, కలుపు తీయడానికి వెళ్ళిన కూలి స్త్రీ ఒడినిండా కూర కోసుకుంటే వద్దనరు. కూలి డబ్బు మగవాడి చేతికి పోయినా, ఒళ్ళోని కూర పొయ్యిమీదికే వెళ్తుంది. పట్టా లేని స్త్రీకి ఆ పొలంలో ఉన్న హక్కు అది. ఏ కాగితం మీదా లేదు.

కలుపుమందు ఈ కట్టుబాటును అడగకుండానే రద్దు చేసింది. ఒక్క పిచికారీతో కూలీ పోయింది, కూరా పోయింది. రెండూ ఆడవాళ్ళవే. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని చీడల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. మనుషులకూ పశువులకూ ప్రమాదమన్నది ఆ ఉత్తర్వు చెప్పిన కారణం. పోయిన కూరా కూలీ అందులో లెక్కకు రాలేదు. వంగి కలుపు తీయడం నడుం విరిచే పని, దాన్ని నేను కీర్తించడం లేదు. కానీ ఆ పని తీసేసేముందు దానిమీద బతికేవాళ్ళను ఎవరైనా అడిగారా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆకుకూర ఒక్కటే దీనికి మందు కాదు. ఆకులోని ఇనుము ఒంటికి కొంతే పడుతుంది. అయినా ఒకవైపు ఇనుము మాత్రలు పంచుతూ, మరోవైపు పైసా ఖర్చులేని కూరను మందుకొట్టి చంపనివ్వడం ఏం విధానం?

ఇక మనమున్న ప్రగతి నగర్ సంగతి. పల్లెలనుంచి వచ్చి ఇక్కడి అపార్టుమెంట్లలో ఇంటిపని, కట్టడాల దగ్గర కూలిపని చేసే స్త్రీలకు ఈ కూరలు తెలుసు. వానపడ్డాక ఖాళీ ప్లాటులో గంగవాయిలు మొలిస్తే గుర్తుపడతారు. ఏడాది తిరిగేసరికి ఆ ప్లాటు చుట్టూ ప్రహరీ లేస్తుంది. అంబీర్ చెరువులో మురుగు చేరుతోంది. ఆ ఒడ్డున పొన్నగంటి కనిపించినా కోసుకోమని నేను చెప్పలేను. చెరువు పాడవడమంటే నీళ్ళు పాడవడమే కాదు, పేదింటి కూరమడి పోవడం కూడా.

మరి మనమేం చేయాలి? అటవీ ఉత్పత్తులపై హక్కులకు 2006 చట్టం ఉంది. పొలంగట్టు మీది కూరకూ చెరువొడ్డు కూరకూ అలాంటి చట్టం లేదు. అయితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మన ఊళ్ళో ఆ రిజిస్టరు ఉందా, అందులో ఈ కూరల పేర్లున్నాయా అని వెళ్ళి అడగండి. లేకపోతే కూలి స్త్రీలను కూర్చోబెట్టి వాళ్ళు చెప్పిన పేర్లే రాయించండి. చెరువు మీద వేసే ప్రతి పిటిషన్‌లో నీళ్ళతోపాటు కూర మాట కూడా రాయండి. పేరు రాసిపెట్టని దాన్ని పోగొట్టుకున్నామని రుజువు చేయడం కష్టం.