ఊరికి చెప్పారు సరే, పల్లెకి ఎవరు చెప్పారు?

(చెరుకుపల్లిలో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే కొద్దిగా కుదించి ఇస్తున్నాం.)



అరుంబాక, గుళ్ళపల్లి, కావూరు, కనగాల నుంచి, అటు నగరం, నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన అన్నలకీ అక్కలకీ వందనాలు. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చారు. అందుకని సోది లేకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

తుపానుకో వరదకో ముందు కబురు ఎక్కడ పుడుతుంది, ఎవరెవరి చేతులు మారుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఇదీ ఇవాళ్టి సంగతి. పొద్దున టీ తాగేటప్పుడు ఒక తమ్ముడు అడిగాడు, ఇది మన ఉద్యమం పనేనా అన్నా, గాలికి కులం ఉంటుందా అని. గాలికి లేదు తమ్ముడూ. గాలి వస్తోందన్న కబురుకి ఉంది. నా ఇంట్లో జరిగిందే చెబుతాను.

1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఊరు ఈ చుట్టుపక్కలదే. పేరు చెప్పను. పేరు చెబితే మాటంతా ఆ ఊరి మీదికే పోతుంది, మీ ఊళ్ళో సంగతి మీరు మర్చిపోతారు. మా నాయన డప్పు కొట్టేవాడు. చావుకీ జాతరకీ, శిస్తు కట్టమనడానికీ, కాలవకి నీళ్ళొదులుతున్నారని చెప్పడానికీ ఆయన డప్పే. ఆ పొద్దున మునసబు పిలిపించాడు. రేడియోలో చెప్పారంట, పెద్ద గాలివాన వస్తదంట, ఊళ్ళో చాటమన్నాడు. నాయన వానలో తడుస్తా గుడి బజారు, కోమట్ల బజారు, చెరువు కట్ట అన్నీ తిరిగాడు. డప్పు తోలు మెత్తబడితే ఎవరి గొడ్లసావిడి దగ్గరో చితుకుల మంటకి కాచుకుని మళ్ళీ కొట్టాడు. ఆయనకి చెప్పిన బజార్లన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. ఆ బజార్లలో మా పల్లె లేదు. ఎప్పుడూ ఉండేది కాదు. శిస్తు కట్టే భూమి మాకు లేదు, నీళ్ళు పెట్టుకునే చేను లేదు. ఇక మా దగ్గర చాటేదేముంది అని వాళ్ళ లెక్క.

మరి మాకెట్లా తెలిసింది? నాయన ఇంటికొచ్చి గంజి తాగుతా అమ్మతో అన్నాడు. అమ్మ పక్కింటి అత్తకి చెప్పింది. అంతే. అప్పటికే తాటాకులు లేచిపోతున్నాయి. అందరం పిల్లల్ని చంకనేసుకుని చర్చిలోకి పరిగెత్తాం. మాలపల్లెకి ఆ మాట కూడా పోలేదు. మేం చెప్పలేదు. మునసబు చేసిన పనే మేమూ చేశాం. ఇది దాచుకుంటే మిగతాదంతా దొంగ మాటవుతుంది, అందుకే చెబుతున్నా.

మా మేనత్త పొద్దున్నే కోతకి పోయింది, దక్షిణాన దూరపు చేలల్లోకి. ఆమెకి ఎవరు చెబుతారు? ఆసామి ఇంటికాడ ఉన్నాడు, డప్పు విన్నాడు. చేలో ఉన్న కూలోళ్ళకి మనిషిని పంపాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. మూడో రోజున దొరికింది ఆమె, కొడవలి నడుముకే ఉంది.

ఆ తుపాను నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. సముద్రం దివి తాలూకా మీద పడి సొర్లగొంది లాంటి ఊళ్ళని ఊడ్చుకుపోయింది. సర్కారు లెక్కే పదివేల దాకా చెప్పింది. అసలు లెక్క ఇంకా ఎక్కువన్నవాళ్ళు చాలామంది. తర్వాత విచారిస్తే ఏ కాగితంలో చూసినా ఒకటే వాక్యం ఉంటుంది: గ్రామంలో తెలియజేయడమైనది. అబద్ధం కాదు. మా నాయన తెలియజేశాడు. కాళ్ళు పుండ్లయ్యేదాకా తిరిగి తెలియజేశాడు.

1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ మాట్లాడుతూ, ఈ రాజ్యాంగం గ్రామాన్ని పక్కనబెట్టి మనిషిని కొలమానంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నాడు. ఆ మాటకి పెద్దమనుషులు చాలామందికి కోపమొచ్చింది. విపత్తుల ఆఫీసుల్లో మటుకు ఇవాళ్టికీ గ్రామమే కొలమానం. ఇన్ని గ్రామాలకి హెచ్చరిక పంపాం, ఇన్ని గ్రామాలు అప్రమత్తం అంటారు. గ్రామంలో ఎవరికి?

1990 కూడా చూద్దాం. ఆ ఏడు మే 9న మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే, 1977కి తీసిపోని తుపాను వచ్చింది. ఈసారి దాదాపు 6.5 లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు 967 మంది. అదీ తక్కువేం కాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యి లోపెక్కడ? సముద్రం మంచిదైపోయిందా? కబురు వేళకి కదిలింది, కబురుతో పాటు బస్సులూ లారీలూ కదిలాయి, దిగడానికి షెల్టర్లున్నాయి. కాబట్టి ఇది విధి కాదు. పని. చేస్తే అవుతుంది.

ఇప్పుడు కబురు నడిచే దారి చూడండి. విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. తుపాను విషయంలో నాలుగు మెట్లుగా చెబుతారు. మూడు రోజుల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఇంకొకటి, ఒక రోజు ముందు అసలు హెచ్చరిక, తీరం దాటే ముందు, సుమారు పన్నెండు గంటలప్పుడు, దాటాక లోపలి జిల్లాల్లో ఏమవుతుందన్నది. అది రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకి వస్తుంది, అక్కణ్ణుంచి కలెక్టరుకి, ఆర్డీవోకి, తహసీల్దారుకి, సచివాలయానికి. 1977లో రేడియో ఒక్కటే. ఇవాళ మూడు రోజుల ముందే ఆకాశం నుంచి ఫొటోలు. కబురుకి కరువు లేదు.

ఉన్నదంతా ముక్కలుగా ఉంది. కట్ట ఎక్కడ నెమ్ము వచ్చిందో కాలవ మీద తిరిగే లస్కరుకి తెలుసు. కరెంటు ఎప్పుడు తీస్తారో లైన్‌మన్‌కి తెలుసు. కరెంటు పోయాక సెల్ టవరు ఎక్కువసేపు నిలవదు, అంటే ఫోన్లు ఎప్పుడు మూగబోతాయో కూడా ఆయనకి తెలిసినట్టే. ఏ ఇంట్లో నెలలు నిండిన ఆడపిల్ల ఉందో ఆశా వర్కరుకి తెలుసు. ఏ గుడిసెలో మంచాన పడ్డ ముసలాయన ఉన్నాడో పింఛను పంచేవాళ్ళకి తెలుసు. ఏ రోడ్డు తెగిందో పోలీసులకి, ఏ పడవ ఇంకా తిరిగిరాలేదో మత్స్యశాఖ వాళ్ళకి. వీళ్ళంతా కలెక్టరు టెలికాన్ఫరెన్సులో పైవాడికి చెబుతారు. ఒకే ఊళ్ళో ఎదురెదురుగా ఉండి ఒకరికొకరు చెప్పుకోరు. లస్కరు కబురు ఇరిగేషన్ మెట్లెక్కి పైకి పోయి, కలెక్టరేటులో మలుపు తిరిగి, రెవెన్యూ మెట్లు దిగి మన పల్లెకి రావాలి. ఈలోపు నీళ్ళు తిన్నగా వస్తాయి.

రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు, నిజాంపట్నం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకటి నుంచి పది దాకా మనకి తెలుసు, పదోది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పదకొండోది కూడా ఉంది, ఎంతమందికి తెలుసు? హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారికి మటుకు ప్రమాదం ఉందనిపిస్తోంది, అని దానర్థం. అంటే పైనుంచి మాట రానప్పుడు కింద ఉన్నవాడు తన బుద్ధితో జెండా ఎత్తొచ్చని తెల్లవాడి కాలం నుంచే రేవుకి హక్కుంది. పల్లెకి లేదు. టవరు పడిపోతే మనం పైవాడి ఫోను కోసం కూర్చుంటాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే దాటింది కదా. అప్పుడు మా పక్క పల్లెలో నేను కళ్ళారా చూసింది ఇది. హెచ్చరికలు ఫోనుకొచ్చాయి. ఆసామి ఫోన్లో తెలుగులో శుభ్రంగా ఉంది. మా అక్క బటన్ ఫోన్లో తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలు డబ్బాలుగా పడ్డాయి. కంపెనీ వాళ్ళ ప్రకటనేమో అనుకుంది. ఊరి వాట్సప్ గ్రూపులో పల్లె వాళ్ళు ముగ్గురున్నారు. ఆ ముగ్గురూ ఆ పూట ఆసామి వరి ఓదెలు కుప్పెయ్యడానికి చేలో ఉన్నారు. కబురు విన్న ఆసామి కూలీల్ని ఇంటికి పంపలేదు, ఇంకా నలుగుర్ని పిలిపించాడు, వాన రాకముందు కుప్ప పడాలని. పంట పోతే ఆయనకీ బాధే, కాదనను. మా మేనత్త గుర్తొచ్చింది నాకు.

తుపాను షెల్టరుది ఇంకో కథ. ఒక ఊళ్ళో షెల్టరు ఉంది, తాళం ఉంది, తాళంచెవి మాత్రం పొన్నూరులో కాపురముంటున్న ఒక ఉద్యోగి జేబులో ఉంది. నవ్వకండి, మీ ఊళ్ళో తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడు చెప్పగలరా?

లంకల సంగతి కొల్లూరు, భట్టిప్రోలు వాళ్ళు నాకన్నా బాగా చెబుతారు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బ్యారేజి దగ్గర 3.97 లక్షలైతే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది. లంకలో పసుపు చేలో కూలికి పోయిన మనిషికి ఈ అంకెలు ఏం చెబుతాయి? రేవులో ఎన్నో మెట్టు మునుగుతుంది, ఎన్ని గంటలకి, పడవ ఏ వేళ దాకా నడుస్తుంది, అట్లా చెప్పాలి. ఆ మాటలోకి మార్చగలిగినవాడు రేవులో పడవ నడిపేవాడే. అతన్ని ఏ ఆఫీసూ పిలిచి కూర్చోబెట్టదు.

బయట దేశాల్లో ఏం చేశారో కొంచెం చూద్దాం. 1970 నవంబరులో ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఒక్క తుపానుకి మూడు లక్షల మందికి పైగా పోయారు. 1972లో వాళ్ళు ఊరూరా వాలంటీర్లని పెట్టుకున్నారు. చేతి మైకు, సైరను, జెండాలు. ప్రమాదం పెరిగేకొద్దీ జెండాలు పెరుగుతాయి, చదువు రానివాడు కూడా లెక్కపెట్టుకుంటాడు. ఇప్పుడు వాళ్ళు డెబ్బై వేలకి పైనే, సగం మంది ఆడవాళ్ళు. 2004 డిసెంబరు 26 సునామీ రోజున పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే జాలర్ల ఊరికి సింగపూరులో ఉన్న ఆ ఊరి మనిషే ఫోను చేసి పరిగెత్తమన్నాడు. ఊళ్ళో కబుర్లు చెప్పడానికి పెట్టుకున్న లౌడ్‌స్పీకరు ఉంది, దాంట్లో అరిచారు, ఊరు బతికింది. అదే సునామీలో నాగపట్టణం వైపు మనవాళ్ళని సహాయ శిబిరాల్లోకి రానీయలేదు, నీళ్ళ దగ్గర వేరు పెట్టారు. ఇవన్నీ నివేదికల్లోకి ఎక్కాయి.

2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. దాని 61వ సెక్షను గుర్తు పెట్టుకోండి. నష్టపరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు కులం పేరుతో తేడా చూపకూడదని రాసుంది. మంచిదే. కానీ హెచ్చరిక అన్న మాట ఆ సెక్షనులో లేదు. బతికినవాడికి బియ్యం పంచడంలో తేడా చూపితే చట్టం ఉంది. ముందుగా చెప్పకపోతే? ఆ ప్రశ్న తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా పెట్టాలి మనం.

అయితే అర్జీతో సరిపెట్టుకుంటే లాభం లేదు. పల్లెకో పుస్తకం ఉండాలి. ఏ ఇంట్లో ఎంతమంది, నడవలేనివాళ్ళెవరు, నెలలు నిండినవాళ్ళెవరు, ఎవరిది బటన్ ఫోను. ముఖ్యంగా, ఆ వారం ఎవరు ఏ చేలోకి, ఏ చెరువు మీదికి కూలికి పోతున్నారో. ఇది ఏ సర్కారు యాపులోనూ దొరకదు, మేస్త్రికి మటుకు తెలుసు. ఒక నకలు సచివాలయంలో, ఒకటి తహసీల్దారు ఆఫీసులో, ఒకటి పోలీసు స్టేషన్లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే రేపు మాకివ్వలేదంటారు. కబురు అందినప్పుడల్లా ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకి, పుస్తకంలో రాయండి. గాలి వెలిశాక ఎవరి ఇల్లు పడింది, ఎవరు కనబడలేదు, అది కూడా మనమే ముందు పైకి పంపాలి, 112కో 1070కో. నష్టాల జాబితా రాసేవాళ్ళు వచ్చేది పది రోజులకి. అప్పుడు కౌలుదారుని ఆసామి సంతకం పెట్టిన పత్రం ఏదంటారు, కూలివాడి పోయిన పనికి గడే ఉండదు. మన పుస్తకంలో ఉంటే అడగడానికి ఆధారముంటుంది.

మాలపల్లెకీ మాదిగపల్లెకీ వేరు వేరు పుస్తకాలొద్దు. ఒక్కటే. యానాదుల గుడిసెలు కాలవ గట్టున ఉంటే అవీ అందులోనే. వాళ్ళకి మనం మునసబులం కాకూడదు.

డప్పు మీద పొద్దున వాదన జరిగింది. ఊరికి వెట్టి డప్పు కొట్టం అని కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి మానేశారు. న్యాయమే, నేనూ ఆ కొట్లాటలో ఉన్నవాణ్ణే. మరి తుపానుకి చాటమంటే? నా మటుకు నేను, చాటాలనే అంటాను. పంచాయతీ తీర్మానం రాసి కూలి కట్టివ్వాలి, చాటింపు పల్లెలో మొదలుపెట్టాలి, ఆ తర్వాత గుడి బజారుకి పోవాలి. ఏ కులంవాడైనా కొట్టొచ్చు. ఈ మాటతో ఇక్కడే కొందరికి పేచీ ఉందని తెలుసు. మధ్యాహ్నం తేల్చుకుందాం. ఈలోగా ప్రతి పల్లెలో చర్చి మైకు ఉంది, దానికి బ్యాటరీ ఉందో లేదో చూసుకోండి. పాస్టరు గారితో, మసీదు పెద్దలతో ముందే మాట్లాడుకోండి.

నోటు పుస్తకాలు ఆ బల్ల మీద ఉన్నాయి, పల్లెకి రెండు తీసుకోండి. రాసేది ఇంటరు చదివే ఆడపిల్లలైతే మేలు, ఇంటింటికీ వాళ్ళే పోగలరు. తుపాన్ల కాలం అక్టోబరులో మొదలవుతుంది, దసరా లోపు ముద్రలు పడాలి. మొదటి పేజీలో పల్లె పేరు రాసి, కిందనే షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయండి. తెలియకపోతే ఖాళీ వదలండి. వచ్చే సమావేశానికి ఆ ఖాళీలతోనే తహసీల్దారు దగ్గరికి పోదాం.